గుండెలో చిల్లు, దాని చుట్టూ అంచు

బిడ్డ గుండెలో రంధ్రం ఉందని డాక్టరు చెప్పగానే అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత పెద్దదండీ?’ అని. ఎకో తెర మీద చూస్తున్న డాక్టరు మనసులో తిరిగే ప్రశ్నలు వేరు. రంధ్రం ఏ గోడలో ఉంది? దాని చుట్టూ గోడ ఎంత మిగిలింది? ఊపిరితిత్తుల మీద ఇప్పటికే ఎంత భారం పడింది? ఛాతీ కోయాలా, తొడ దగ్గర సూది గుచ్చినంత గాటుతో పని అయిపోతుందా, అసలేమీ చేయకుండా ఆగవచ్చా అన్నది ఈ మూడింటి మీదే తేలుతుంది. పెద్ద రంధ్రమైనా చుట్టూ మంచి అంచు ఉంటే గంటలో మూసేయవచ్చు. చిన్నదైనా ఉన్న చోటు ఇబ్బందిదైతే ఆ దారిన వెళ్లకూడదు.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు ఇలా పుడుతున్నారని అంచనా. వాటిలో గోడల్లో రంధ్రాలది పెద్ద వాటా. పై గదులైన కర్ణికల మధ్య ఉంటే ఏఎస్‌డీ అనీ, కింది గదులైన జఠరికల మధ్య ఉంటే వీఎస్‌డీ అనీ ఆసుపత్రుల్లో అంటారు. కోత లేని చికిత్స అన్నిటికంటే బాగా కుదిరింది కర్ణికల మధ్య రంధ్రానికి. అందుకే ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

కర్ణికల మధ్య దారి ఉండటం మొదట్లో లోపమే కాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు ప్రతి గుండెకూ అది ఉండి తీరాలి. అప్పటికి ఊపిరితిత్తుల్లో గాలి లేదు. ఆక్సిజన్ నిండిన రక్తం తల్లి మాయ నుంచి బొడ్డుతాడు గుండా వచ్చి, కింది బృహత్ సిరలో కలిసి, కుడి కర్ణికకు చేరి, మధ్య గోడలోని దారి గుండా నేరుగా ఎడమ కర్ణికకు దాటేస్తుంది. ఆ దారికి ఎడమ పక్కన పల్చటి పొర ఒకటి ఉంటుంది. పుట్టిన బిడ్డ మొదటి ఊపిరి తీసినప్పుడు ఊపిరితిత్తులకు రక్తం ఉరుకుతుంది, అక్కడి నుంచి ఎడమ కర్ణికకు తిరిగొస్తుంది. ఎడమ వైపు ఒత్తిడి పెరిగి ఆ పొర గోడకు ఆనుకుంటుంది. చాలామందిలో నెలల వ్యవధిలో అతుక్కుపోతుంది. దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోక సన్నటి సందు మిగిలిపోతుంది, వాళ్లలో ఎక్కువమంది ఆ సంగతి తెలియకుండానే నిండు జీవితం గడిపేస్తారు. ఏఎస్‌డీలో జరిగేది వేరు. ఆ పొర పెరగాల్సినంత పెరగదు, లేదా అక్కడక్కడ కరిగిపోతుంది. కప్పడానికి సరిపడా గోడే ఉండదు.

ఎందుకిలా అవుతుందంటే చాలామంది పిల్లల విషయంలో ఫలానా కారణమని చూపించలేం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో గుండె లోపాలు ఎక్కువ. గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే ముప్పు ఉంది. మేనరికాల్లో ఈ లోపాలు ఎక్కువగా కనిపిస్తాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. గ్రహణం రోజు బయటికొచ్చిందనో, తినకూడనిది తిన్నదనో కోడలిని నిందించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గర్భంలో ఎనిమిదో వారానికల్లా గుండె గోడలు దాదాపు పూర్తవుతాయి. నెల తప్పిన సంగతి ఖాయం చేసుకుంటున్న రోజుల్లోనే ఆ పని ముగుస్తోందన్నమాట. ఆ తల్లిని నిందించడం అన్యాయం.

పుట్టాక ఎడమ వైపు ఒత్తిడి ఎక్కువ, కుడి జఠరిక గోడ పల్చన. కాబట్టి రంధ్రం గుండా రక్తం ఎడమ నుంచి కుడికి పారుతుంది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడి వచ్చిన రక్తమే మళ్లీ కుడి వైపు చేరి మళ్లీ ఊపిరితిత్తులకు పోతుంది. ఒంటికి వెళ్లేదాని కంటే ఊపిరితిత్తులకు వెళ్లేది ఒకటిన్నర రెట్లు దాటిందంటే దాన్ని పట్టించుకోవాల్సిందే. ఏళ్ల తరబడి ఈ అదనపు చాకిరీతో కుడి గదులు సాగుతాయి.

స్టెతస్కోప్‌లో వినిపించే తేడా చిత్రంగా ఉంటుంది. జఠరికల మధ్య రంధ్రంలో ఒత్తిడి తేడా చాలా ఎక్కువ కాబట్టి రక్తం చిమ్ముతూ వెళ్లి గట్టిగా చప్పుడు చేస్తుంది. రంధ్రం చిన్నదైతే చప్పుడు ఇంకా గట్టిగా ఉంటుంది. చప్పుడు విని హడలిపోయే తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పాలి. కర్ణికల రంధ్రమైతే తనంతట తాను చప్పుడు చేయదు. ఎక్కువైన రక్తం పుపుస కవాటం దాటేటప్పుడు చిన్న గుసగుస వినిపిస్తుంది, అంతే. అనుభవమున్న డాక్టరు దాన్ని పట్టుకునేది గుండె రెండో శబ్దంలో. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఆ శబ్దం రెండుగా చీలి, వదిలినప్పుడు కలిసిపోతుంది. ఏఎస్‌డీలో ఊపిరితో నిమిత్తం లేకుండా ఎప్పుడూ చీలే ఉంటుంది. రద్దీ ఓపీలో ఏడుస్తున్న పిల్ల గుండెలో ఈ తేడా వినడానికి ఓపిక కావాలి. అందుకే ఈ జబ్బు ముప్పై, నలభై ఏళ్లు దాక్కుంటుంది. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఆయాసమొచ్చి ఎకో తీయిస్తే బయటపడ్డ ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పిన మంచి అధ్యయనం అమెరికాలోని మేయో క్లినిక్‌ది. 1956 నుంచి 1960 మధ్య అక్కడ ఏఎస్‌డీ ఆపరేషన్ చేయించుకున్న 123 మందిని దాదాపు మూడు దశాబ్దాలు గమనించి 1990లో ఫలితాలు ప్రచురించారు. 25 ఏళ్ల లోపు రంధ్రం మూయించుకున్నవాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లతో సమానంగా బతికారు. 41 దాటాక మూయించుకున్నవాళ్లలో మరణాలు బాగా ఎక్కువ. రంధ్రం అదే, కుట్టు అదే. తేడా అంతా గుండె మోసిన ఏళ్లలో ఉంది.

ఇంతకంటే భయపడాల్సింది ఇంకొకటి ఉంది. అధిక ప్రవాహాన్ని తట్టుకోలేక కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి సన్నబడతాయి. జఠరికల మధ్య పెద్ద రంధ్రముంటే ఇది ఒకటి రెండేళ్ల వయసుకే మొదలుకావచ్చు. కర్ణికల రంధ్రంలో నెమ్మదిగా, కొద్దిమందికే వస్తుంది. చివరికి కుడి వైపు ఒత్తిడి ఎడమను మించిపోయి రక్తం ఎదురు తిరుగుతుంది, పెదవులు, గోళ్లు నీలమవుతాయి. దీన్ని ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్ అంటారు. ఆ దశలో రంధ్రం మూయకూడదు. ఒత్తిడి పెరిగిన కుడి గుండెకు ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు అప్పటికి ఆ రంధ్రమే. ఎంత గొప్ప పరికరం వచ్చినా ఈ గడువు దాటినవాళ్లకు ఉపయోగపడదు. ఈ చికిత్స గురించి తెలుసుకోవాల్సినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం.

ఆ గడువులోగా రంధ్రం మూయడానికి మనిషి పడ్డ పాట్లు తక్కువవి కావు. 1952 సెప్టెంబరు 2న మినెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ అనే సర్జన్ ఐదేళ్ల పాపను చల్లటి దుప్పట్లలో చుట్టి ఒంటి వేడిని 28 డిగ్రీలకు దించాడు. అంత చల్లదనంలో మెదడు కొన్ని నిమిషాలు రక్తం లేకుండా తట్టుకోగలదు. గుండెకు వచ్చే సిరలను బిగించి, కర్ణికను తెరిచి, ఐదున్నర నిమిషాల్లో రంధ్రం కుట్టి మూసేశాడు. పాప బతికింది. గుండెను తెరిచి, లోపల కళ్లారా చూస్తూ చేసి నెగ్గిన మొదటి ఆపరేషన్ అది. మరుసటి ఏడాది మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను ఇరవై ఏళ్లపాటు తీర్చిదిద్దిన హార్ట్-లంగ్ మెషీన్ మీద 18 ఏళ్ల అమ్మాయిని 26 నిమిషాలు ఉంచి ఆమె ఏఎస్‌డీని మూశాడు. ఆ తర్వాత చేసిన పిల్లలు దక్కకపోవడంతో ఆయన ఆ పనికి దూరమైపోయాడు. 1954లో మళ్లీ మినెసోటాలోనే వాల్టన్ లిల్లెహై పసివాడి రక్తనాళాలను కన్నతండ్రి రక్తనాళాలకు గొట్టాలతో కలిపాడు. తండ్రి గుండె, ఊపిరితిత్తులే మెషీన్‌గా పనిచేస్తుంటే బిడ్డ వీఎస్‌డీని మూశాడు. ఆ పద్ధతిలో 45 మందికి ఆపరేషన్లు చేశారు. ఒకే ఆపరేషన్‌లో ఇద్దరి ప్రాణాలూ పణంగా పెట్టడమది. అయినా కన్నవాళ్లు ఆ బల్ల మీద పడుకున్నారు.

రక్తనాళం గుండా గుండెలోకి వెళ్లవచ్చని అప్పటికే తెలుసు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి సిరలోంచి సన్నటి గొట్టాన్ని సొంత గుండె దాకా పోనిచ్చుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దారిన వెళ్లి రంధ్రం మూయడం మాత్రం 1975 దాకా కుదరలేదు. న్యూ ఆర్లీన్స్‌లో పిల్లల గుండె వైద్యుడు టెరీ కింగ్, సర్జన్ నోయెల్ మిల్స్ కలిసి స్టీలు, డాక్రాన్ గుడ్డతో జంట గొడుగులు తయారుచేసి 17 ఏళ్ల అమ్మాయి గుండెలో విప్పారు. కానీ వాళ్ల గొట్టం ఏడు మిల్లీమీటర్లకు పైగా లావు. చిన్నపిల్లల సిరలో అది పట్టదు. సన్నటి గొట్టంలోంచి పోయి, అవతల తేలాక తనంతట తాను పెద్దదయ్యే లోహం కావాలి.

ఆ లోహం దొరికింది ఆసుపత్రిలో కాదు, అమెరికా నౌకాదళం ఆయుధాల ప్రయోగశాలలో. క్షిపణి ముక్కు భాగానికి గట్టి లోహం వెతుకుతూ విలియం బ్యూలర్ 1959 ప్రాంతంలో నికెల్, టైటానియం కలిపిన మిశ్రమం మీద పనిచేశాడు. దాని పేరు నిటినాల్. 1961లో జరిగిన ఒక సమావేశంలో, ఎన్నిసార్లు వంచినా విరగదని చూపించడానికి ఆ లోహపు రేకును మడతలు మడతలుగా మడిచి చేతులు మార్చారు. డేవిడ్ మజీ అనే అధికారి తన పైపు లైటర్ వెలిగించి దానికి వేడి చూపించాడు. అందరూ చూస్తుండగా మడతలన్నీ విప్పుకుని రేకు తిన్నగా అయిపోయింది. కొలిమిలో ఒకసారి ఇచ్చిన ఆకారాన్ని ఈ లోహం మరచిపోదు. ఒంటి వేడిలో దీనికి ఇంకో గుణం కూడా ఉంది. ఎంత సాగదీసి నలిపినా వదిలేయగానే మళ్లీ అసలు రూపానికి వచ్చేస్తుంది. మామూలు స్టీలు అలా నలిపితే నలిగినట్టే ఉండిపోతుంది.

ఆస్ట్రియాలో పుట్టి మినెసోటాలో స్థిరపడిన రేడియాలజిస్టు కర్ట్ ఆంప్లాట్జ్ ఈ గుణాన్ని పట్టుకున్నాడు. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందమున్న నిటినాల్ తీగలను వలలా అల్లి, రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి మధ్య పొట్టి నడుము ఉండేలా ఆకారం ఇచ్చాడు. దారం రీలు లాంటిదనుకోండి. నడుము రంధ్రాన్ని నింపుతుంది, రెండు బిళ్ళలూ చెరో పక్క నుంచి గోడను పట్టుకుంటాయి. లోపల పాలిస్టర్ గుడ్డ కుట్టి ఉంటుంది, రక్తం అక్కడ ఆగి గడ్డకట్టడానికి. ఈ పరికరం వాడకం 1995లో మనుషుల్లో మొదలై, 2001 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందింది. ఇప్పుడు ఆ నమూనాలో రకరకాల కంపెనీల డివైస్‌లు వచ్చాయి. మన దగ్గర తల్లిదండ్రులు ‘పాపకు బటన్ వేశారు’ అనేది దీన్నే.

అంచు ఎందుకంత ముఖ్యమో ఈ కొలతలు చూస్తే తెలుస్తుంది. నడుము 18 మిల్లీమీటర్లుంటే ఎడమ బిళ్ళ 32, కుడి బిళ్ళ 28 ఉంటుంది. ఆ ఎడమ బిళ్ళకు చుట్టూ ఏడేసి మిల్లీమీటర్లు ఆనుకునేందుకు గోడ కావాలి. కవాటాల వైపు, సిరల వైపు కనీసం ఐదు మిల్లీమీటర్ల అంచైనా లేకపోతే బిళ్ళ జారిపోతుంది, లేదా పక్కన ఉన్న కవాటానికి అడ్డుపడుతుంది. గోడ మధ్యలో ఉండే సెకండమ్ రకానికే ఈ అంచు దొరుకుతుంది. ఏఎస్‌డీల్లో నూటికి డెబ్బై దాకా ఆ రకమే కావడం మన అదృష్టం.

ఈ చికిత్స చేసే గది అయిన క్యాథ్ ల్యాబ్‌లో పని ఇలా నడుస్తుంది. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. గొంతులోంచి అన్నవాహికలోకి ఎకో గొట్టం పంపిస్తే గుండె వెనక నుంచి గోడ స్పష్టంగా కనిపిస్తుంది. కుడి గజ్జల్లో సిరకు సూది గుచ్చి, తీగను కింది బృహత్ సిర గుండా పైకి పంపుతారు. తీగ కొన గోడ వైపే మొగ్గి రంధ్రంలోంచి ఎడమ కర్ణికకు సులువుగా దాటుతుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్తం నడిచిన దారి కచ్చితంగా ఇదే. ఆ సిర నోరు పుట్టుకకు ముందే ఈ గోడకు గురిపెట్టి ఏర్పడింది. తర్వాత మెత్తటి బెలూన్‌ను రంధ్రంలో ఉబ్బిస్తారు. రక్తం దాటడం ఆగిన క్షణాన బెలూన్ వెడల్పు ఎంతో అదే రంధ్రం అసలు కొలత.

ఇప్పుడు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న పొడవాటి గొట్టం ఎడమ కర్ణికకు చేరుతుంది. డివైస్‌ను ఒక తీగ కొనకు మరతో బిగించి, సెలైన్ నీళ్లలో ముంచి ఉంచే లాగి సన్నటి గొట్టంలోకి ఎక్కిస్తారు. ఒక్క గాలి బుడగ ఎడమ కర్ణికలోకి పోయినా మెదడుకు చేరవచ్చు, అందుకే బల్ల దగ్గర అందరూ అప్పుడు మాటలు ఆపేస్తారు. గొట్టం కొన దాటగానే ఎడమ బిళ్ళ విచ్చుకుంటుంది. దాన్ని వెనక్కి లాగి గోడకు ఆనించి, నడుము విప్పి, ఇవతల కుడి బిళ్ళ విప్పుతారు. తీగను ముందుకూ వెనక్కూ గట్టిగా కదిపి చూస్తారు. నాలుగు పక్కలా గోడ రెండు బిళ్ళల మధ్య చిక్కిందా, కవాటాలు ఎప్పటిలాగే తెరుచుకుంటున్నాయా అని ఎకోలో ఒక్కో కోణం చూస్తారు. నచ్చకపోతే మొత్తం గొట్టంలోకి వెనక్కి లాగేసుకోవచ్చు. ఈ వెసులుబాటే పాత గొడుగుల కంటే దీన్ని మెరుగు చేసింది. నచ్చితే తీగను గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పుతారు, మర ఊడుతుంది. లాగుడు పోగానే డివైస్ కొంచెం ఒరిగి గోడతో సమంగా కూర్చుంటుంది. గజ్జల్లో కాసేపు ఒత్తిపెట్టి చిన్న కట్టు కడతారు. మర్నాడు ఇంటికి.

అమెరికాలో 442 మందికి డివైస్, 154 మందికి ఆపరేషన్ చేసి పోల్చిన ఫలితాలు 2002లో వచ్చాయి. సమస్యలు డివైస్ వేసినవాళ్లలో 7.2 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 24 శాతం. ఆసుపత్రిలో ఉన్నది సగటున డివైస్‌తో ఒక రోజు, ఆపరేషన్‌తో 3.4 రోజులు. ఏడాది తర్వాత రంధ్రం మూసుకుని ఉన్నది డివైస్‌తో 98.5 శాతం మందిలో, ఆపరేషన్‌తో నూటికి నూరు మందిలోనూ. ఆపరేషన్ పాతబడిన పద్ధతి అనుకోకూడదని ఈ చివరి అంకె చెబుతోంది.

డివైస్ పనికిరాని రంధ్రాలూ ఉన్నాయి. గోడ అడుగున కవాటాలను ఆనుకుని ఉండే ప్రైమమ్ రకం, పై అంచున సిరల దగ్గర ఉండే సైనస్ వీనోసస్ రకం సర్జన్‌ల చేతికే వెళ్లాలి. జఠరికల మధ్య గోడలో కండ ఉన్న చోట రంధ్రమైతే డివైస్ వేయవచ్చు. పైన పల్చటి పొర ఉండే చోట చాలా జాగ్రత్త కావాలి. గుండె కొట్టుకోవడానికి విద్యుత్ సంకేతాలు తీసుకెళ్లే కట్ట సరిగ్గా ఆ రంధ్రం అంచునే పోతుంది. డివైస్ దాన్ని నొక్కితే పై గదుల సంకేతం కింది గదులకు అందదు, జీవితాంతం పేస్‌మేకర్ అవసరం కావచ్చు. కొందరిలో ఇది నెలల తర్వాత బయటపడింది. చిన్న వీఎస్‌డీలు చాలా వరకు వాటంతటవే మూసుకుంటాయి కాబట్టి, పిల్లవాడు బరువు పెరుగుతూ ఆడుకుంటుంటే వేచి ఉండటమే మంచి వైద్యం.

సర్జన్‌లు కూడా కోత తగ్గించుకుంటూ వచ్చారు. రొమ్ము ఎముకను నిలువునా చీల్చకుండా కుడి చంక కింద నాలుగైదు సెంటీమీటర్ల కోతతో పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, బిడ్డ సొంత గుండె పొర ముక్కతోనే రంధ్రానికి మాసిక వేస్తున్నారు. చెయ్యి దించితే మచ్చ కనపడదు. ఆడపిల్లల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ఛాతీ ముందు వైపు అడ్డంగా కోస్తే పెద్దయ్యాక ఆ పక్క రొమ్ము ఎదుగుదల దెబ్బతినవచ్చు. చంక కింది కోత అందుకే మేలు. కొన్ని చోట్ల రోబో చేతులతోనూ చేస్తున్నారు. పెళ్లి సంబంధాలకు అడ్డమని మచ్చ గురించి కుటుంబాలు దిగులుపడటం అర్థం చేసుకోదగ్గదే. కానీ అంచు లేని రంధ్రానికి మచ్చ భయంతో డివైస్ వేయమని పట్టుబట్టడం బిడ్డకు చేటు.

డివైస్ వేశాక మూడు నుంచి ఆరు నెలల్లో గుండె లోపలి పొర దాని మీదుగా పెరిగి కప్పేస్తుంది. ఆర్నెల్లు ఆస్పిరిన్ మాత్ర, ఆ ఆర్నెల్లూ పళ్ల చికిత్సకు ముందు యాంటీబయాటిక్, తొలి వారాల్లో దెబ్బ తగిలే ఆటలు వద్దు. గుండె పెరిగితే డివైస్ చిన్నదైపోదా అని అడుగుతారు. దాని పని రంధ్రం పూడ్చడమే, మిగతా గోడ దాని చుట్టూ పెరుగుతుంది. చాలా అరుదుగా, వెయ్యిలో ఒకరి నుంచి ముగ్గురిలో, బిళ్ళ అంచు కర్ణిక గోడను ఒరుసుకుని రక్తం బయటికి కారుతుంది. బృహద్ధమని వైపు అంచు తక్కువ ఉన్న రంధ్రాల్లో, కొలతకు మించి పెద్ద డివైస్ వేసినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే ఎన్నేళ్లయినా సరే వెంటనే ఎకో తీయించాలి. ఈ మాట డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వడం ప్రతి ఆసుపత్రీ చేయాల్సిన పని.

తెలుగు నేల మీద డబ్బు లేక ఆగిపోయే రోజులు కొంత తగ్గాయి. పుట్టపర్తిలో 1991లో తెరిచిన సత్యసాయి ఆసుపత్రి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తూ వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల చికిత్సను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. తిరుపతిలో టీటీడీ 2021లో పద్మావతి పిల్లల హృదయాలయాన్ని తెరిచింది. ఇప్పుడు కొరత ఉన్నది కనిపెట్టడంలో. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి చూడాలి. గుండె లోపాలు ఆ జాబితాలో ఉన్నాయి. పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడటం, నుదుట చెమట, పెరగని బరువు, మళ్లీ మళ్లీ వచ్చే నిమ్ము కనిపిస్తే వాళ్ల కోసం ఎదురుచూడకుండా తీసుకెళ్లాలి. కర్ణికల రంధ్రమని తేలితే సాధారణంగా హడావుడి అక్కర్లేదు. పసితనంలో చిన్నగా ఉన్నవి చాలా వరకు మూసుకుపోతాయి. మిగిలినవాటిని మూడు నుంచి ఐదేళ్ల మధ్య, బరువు పదిహేను కిలోలు దాటాక మూస్తారు. అప్పటిదాకా డాక్టరు చెప్పిన తేదీకల్లా ఎకోకు వెళ్తుండాలి. దానికి సూది లేదు, కోత లేదు. ఛాతీ మీద కాస్త జెల్ రాసి అరగంటలో ముగిస్తారు. రంధ్రం కొలత, చుట్టూ అంచు, ఊపిరితిత్తుల ఒత్తిడి మూడూ ఆ ఒక్క రిపోర్టులోనే ఉంటాయి.